భుజమే కదా

పోయిన వారం అద్దాలక్కని ఆపరేషన్ గది బయట చెక్క బెంచీ మీద వదిలేసి వచ్చాం. ఆ బెంచీ మీదే తెల్లారింది. కాళ్ల దగ్గర ప్లాస్టిక్ సంచిలో భర్త చెప్పులు, వాచీ ఉన్నాయి. చొక్కా పోలీసులు పట్టుకుపోయారు.

ఈ వారమే కథలోకి వచ్చినవారి కోసం నాలుగు ముక్కలు. సినిమాల్లో నాయికల బదులు కిటికీ అద్దాలు పగలగొట్టుకుని దూకీ దూకీ ఆవిడ అద్దాలక్క అయింది. భర్త ఫైట్ మాస్టర్. ఆమె తమ్ముణ్ణి ఎంత ఎత్తునుంచి పడేసినా లేచి నిలబడేవాడని బంతి అనేవారు. కిందటేడు నాలుగో అంతస్తు నుంచి పడ్డాడు, మళ్ళీ లేవలేదు. వీధికి వీపు పెట్టి నిలబడి, తుపాకీ చప్పుడు వినగానే వెనక్కి వాలిపోవాల్సిన షాట్ అది. కింద ఏముందో చూసుకునే వీల్లేదు. ఉండాల్సిన గాలిపరుపు అక్కడ లేదు. కెమెరాకి అడ్డొస్తోందని స్టూడియో యజమాని దాన్ని పక్కకి జరిపించాడని అద్దాలక్క కేసు పెట్టింది. కుర్రాడే తప్పుచోట పడ్డాడని యజమాని వాదన. ఆ క్షణాన కింద నిలబడి అంతా చూసిన సాక్షి ఒక్క మాస్టరే. ఎల్లుండి కోర్టులో ఆయన నోరు విప్పాలి. నిన్న ఉదయం ప్రాక్టీసు షెడ్డు వెనక గేటు దగ్గర ముసుగు వేసుకున్న మనిషి ఒకడు ఆయన్ని కాల్చి మాయమయ్యాడు.

ఎడమ భుజంలో.

ఆ రెండు మాటలు యూనిట్ మొత్తానికి ప్రాణం పోశాయి. వరండాలో సగం స్టూడియో నిలబడి ఉంది.

"భుజమే కదక్కా," అన్నాడు మేకప్‌మన్. "గుండెలో తగిలితే భయపడాలి గానీ. వారంలో కట్టుతో సెట్ మీదుంటాడు చూడు."

"వారమెందుకు, సాయంత్రానికల్లా నర్సులకి పాట పాడి వినిపిస్తాడు."

"ఊరుకోరా. ఆయన పాడితే పక్క గదిలోవాళ్లు సూదులు పీక్కుని పారిపోతారు."

నవ్వారు. అద్దాలక్క కూడా నవ్వింది. వాళ్ల సినిమాల్లో భుజం ఉన్నదే తూటా తగలడానికి. గుండెకి తగిలినవాడు నాలుగు మాటలు చెప్పి చస్తాడు, భుజానికి తగిలినవాడు జేబురుమాలు చుట్టుకుని తర్వాతి ఫైటుకి వెళ్తాడు. ఆ లెక్క వందలమందికి నేర్పింది మాస్టరే.

గురి ఒక్కడే నవ్వలేదు. సెట్ మీద తుపాకులన్నీ అతని చేతి కిందే ఉంటాయి. కుర్రతనంలో షూటింగ్ పోటీల్లో పతకాలు కొట్టాడు, ఎన్నడూ గురి తప్పలేదని ఆ పేరే ఖాయమైంది. ఇప్పుడు మోచేతి మడతలో దూది, దాని మీద ప్లాస్టర్. మాస్టర్‌కి రక్తం కావాలనగానే అందరికంటే ముందు చెయ్యి చాపింది అతనే.

"వెళ్లు చెల్లెమ్మా," అన్నాడు. "డాక్టరమ్మ పిలుస్తోంది. ఇక్కడ నేను చూసుకుంటా."

డాక్టరమ్మ తన గదిలో నిలబడే టీలో బిస్కెట్టు ముంచుకుని తింటోంది. కళ్ల కింద నిద్రలేని నలుపు.

"మీరూ స్టంట్‌లు చేస్తారట కదా. అయితే మెత్తగా చెప్పక్కర్లేదు. బతుకుతాడు."

అద్దాలక్క కుర్చీలో కూలబడింది. "తూటా తీసేశారా?"

"లేదు."

"తియ్యలేదా?"

"భుజం వెనక ఎముకలో ఇరుక్కుంది. ఉండనివ్వండి. దానికోసం తవ్వితే బాగున్నది కూడా పాడవుతుంది. పట్టుకారుతో లాగి పళ్లెంలో టంగుమని పడెయ్యడం మీ సినిమాల్లోనే. మనిషిని చంపేది లోపల మిగిలిన ముక్క కాదమ్మా, బయటికి పోయిన రక్తం."

"భుజమే కదా అని అందరూ..."

"నిన్నట్నుంచి ఆ వరండాలో ఆ మాట వినీ వినీ నా చెవులు చిల్లులు పడ్డాయి." బిస్కెట్టు పొడి దులుపుకుని, తన మెడ కింది ఎముక మీద వేలు పెట్టుకుంది. "దీని కిందనుంచి చేతికి రక్తం పోసే పెద్ద గొట్టం వెళ్తుంది. దాన్ని చుట్టుకుని, చేతిని ఆడించే నరాలన్నీ జడలాగా ఉంటాయి. ఆ కిందే ఊపిరితిత్తి కొస. ఇంత చోటులో ఇన్ని ఇరికించి పెట్టాడు దేవుడు. మీవాళ్లేమో అక్కడ ఏమీ లేదనుకుంటారు."

అద్దాలక్క వేలు కూడా తన మెడ కింది ఎముక మీదికి వెళ్లింది.

"పొట్టలో తగిలించుకుని కొన్నాళ్లకి ఇంటికి నడిచి వెళ్లినవాళ్లని చూశాను. తలకి తగిలి, నన్ను పేరుపెట్టి పలకరించినవాణ్ణి చూశాను. తొడకి తగిలి, కాలే కదా అనుకుంటూ వస్తూ వస్తూ దారిలోనే పోయినవాణ్ణీ చూశాను. తూటాకి మర్మం, మామూలు అని ఉండదు. దారిలో ఏది అడ్డొస్తే దాన్ని తెంచుకుపోతుంది. గుండె ఆడుతుండగా మా దాకా వస్తే చాలామంది బతుకుతారు. మీ లైట్‌మన్ దారంతా మోకాలితో గాయాన్ని అదిమిపట్టాడట. ఆ మోకాలు లేకపోతే నాకు పనే ఉండేది కాదు."

"చెయ్యి?"

"రక్తం ఆడుతోంది, కాబట్టి చెయ్యి మిగిలింది. పనిచేస్తుందని మాత్రం మాటివ్వలేను. వేళ్లు కదలడం లేదు. కొందరికి నెలలు గడిచాక కొంత వస్తుంది. నొప్పి మాత్రం ఈయనకి ఖాయం. చచ్చుబడిన చెయ్యి ఊరికే ఉండదు, మంటల్లో పెట్టినట్టు ఉంటుంది. బతకడం అంటే అదే, సినిమాలో చూపించని రీలు."

కప్పు కింద పెట్టి ఫోను తీసింది. "ఇంకో సంగతి. ఇక్కడికి రాకముందు వేరే ఆసుపత్రికి ఏమైనా తీసుకెళ్లారా?"

"లేదు."

"మరి ఇదెవరు గీశారు? ఎటువైపు కోయాలో మేం పెన్నుతో గుర్తు పెట్టుకుంటాం. మా అసిస్టెంటు అదే అనుకుని తుడిచెయ్యబోయాడు. అప్పటికి మేం పెన్ను మూతే తియ్యలేదు."

ఫొటోలో మాస్టర్ ఎడమ భుజం. గుండ్రంగా ఉబ్బిన కండ మీద, చేతికి దగ్గరగా, నల్ల సిరాతో చిన్న సున్నా. సున్నాలో అడ్డంగా ఒక గీత, నిలువుగా ఒక గీత. అక్కడ చర్మం మీద చిన్న గీరు కూడా లేదు. గాయం దానికి బెత్తెడు లోపల, మెడ కింది ఎముకకి దిగువన ఉంది.

అలాంటి గుర్తు అద్దాలక్క ఒంటి మీద కూడా ఎన్నోసార్లు పడింది. తూటా తగిలే షాట్‌కి ముందు, చొక్కా కింద రక్తం ప్యాకెట్టు ఎక్కడ అంటించాలో తెలియడానికి చర్మం మీద అలా గీస్తారు. ముందు సున్నా, తర్వాత అడ్డగీత, చివర నిలువుగీత. ఆ స్టూడియోలో అలా గీసే చెయ్యి ఒకటే.

"పోలీసులకి చెప్పాలి నేను," అంది డాక్టరమ్మ. "సాయంత్రం మేజిస్ట్రేట్ వస్తున్నారు, వాంగ్మూలం తీసుకోవడానికి. మీ తమ్ముడి కేసు సంగతి కూడా మంచం దగ్గరే అడుగుతారట. మాట్లాడగలడని సంతకం పెట్టాను."

"చెప్పండి డాక్టరమ్మా. ముందు నేను ఒక మాట అడిగి వస్తా."

మాస్టర్‌ని వరండా చివర చిన్న గదికి మార్చారు. ఒక మంచం, ఒక స్టూలు, చేతులు కడుక్కునే తొట్టి, దాని పైన అద్దం. పక్కటెముకల మధ్యనుంచి గొట్టం ఒకటి మంచం కింది సీసాలోకి దిగింది. ఎడమ చెయ్యి దిండు మీద పెట్టి ఉంది, ఎవరో మరిచిపోయి వెళ్లిన వస్తువులా.

"చెయ్యి ఉందా అద్దాలూ?" అన్నాడు. గొంతు బొంగురు.

"ఉంది. ఊరికే ఉంది."

"వస్తుందిలే. భుజమే కదా."

ఆమె స్టూలు లాక్కుని కూర్చుంది. "ఆ గుర్తు గీసింది గురి అన్నయ్యేనా?"

మాస్టర్ కళ్లు మూసుకున్నాడు.

"తెరువు. చచ్చినట్టు పడుకోవడం నీకు ఎప్పుడూ చేతకాలేదు. రెప్పలు ఆడతాయి."

తెరిచాడు. "వాణ్ణేమీ అనకు. నేనే అడిగాను. కాళ్లు పట్టుకున్నంత పని చేశాను. ఆ ముసుగులో ఉన్నది వాడే."

"ఎందుకు?"

"సాక్ష్యం చెప్తే ఈ ఊళ్లో నన్ను ఏ సెట్ మీదికీ రానివ్వరు. యజమాని మనిషి వచ్చి మెత్తగానే చెప్పి వెళ్లాడు. చెప్పకపోతే ఇంట్లో నువ్వు. ఏడాదిగా నా కంచం నా ముందు పెడతావు, నా మొహం చూడవు. మధ్యలో ఎటు పోను? కాల్చారనుకో, ఇంకెవరూ రమ్మనరు. బెదిరిపోయాడు పాపం అంటారు. నువ్వు కూడా అంటావనుకున్నా."

"అంటే నా తమ్ముడు నిజంగా చచ్చాడు కాబట్టి నువ్వు ఉత్తుత్తిగా చద్దామనుకున్నావు."

"చావడం కాదే. భుజం."

"అవును. భుజమే కదా." ఆమె గొంతు పెరగలేదు. "రాత్రంతా ఆ బెంచీ మీద కూర్చుని నిన్ను తలుచుకున్నాను, తెలుసా? నా కోసం తూటాకి ఎదురు నిలబడ్డాడనుకున్నా. ఏడాది పాటు నిన్ను తిట్టుకున్నందుకు లెంపలేసుకున్నా. నీకు రక్తం ఎక్కిస్తుంటే, నీ దగ్గర ఇంత ధైర్యం ఉందని నాకు తెలియలేదే అని ఏడ్చాను."

మాస్టర్ మొహం తిప్పుకోబోయాడు. మెడ తిరగలేదు.

"చివరికి అదీ సరిగ్గా చెయ్యలేకపోయా," అన్నాడు. "షెడ్డులో చొక్కా విప్పించి వాడే గీశాడు. 'కదలకు బావా, మిగతాది నేను చూసుకుంటా' అన్నాడు. ఇన్నేళ్లుగా కుర్రాళ్లకి నేనేం చెప్పాను? పేలేదాకా కదలొద్దు. చప్పుడు విన్నాకే పడాలి. వాడి చేతిలో నిజం తుపాకీ నావైపు తిరిగేసరికి నా మోకాళ్లు నా మాట వినలేదు. కుడికి ఒరిగి కిందికి జారిపోయా. అందుకే గుర్తు తప్పింది. వాడి తప్పేం లేదు. నా పిరికితనమే నన్ను ఇలా చేసింది."

అద్దాలక్క చూపు ఆయన భుజం కట్టు మీదికి వెళ్లింది.

"ఎటు ఒరిగావు?"

"కుడికి."

"నీ కుడికా, వాడి కుడికా?"

"నా కుడికే. ఇప్పుడెందుకది?"

ఆమె లేచింది. షాట్‌లో ఏదైనా తేడా వస్తే ఆమె నోటితో వాదించదు, ఒంటితో చేసి చూస్తుంది. మందుల వేళలు రాసే తెల్లబోర్డుకి దారంతో కట్టిన మార్కర్ ఉంది. దారం తెంపి మూత తీసింది. తన లేతరంగు చొక్కా ఎడమ భుజం మీద, ఫొటోలో ఉన్న చోటే, సున్నా గీసి, తొందరలో లోపల నిలువుగీత, దాని మీదుగా అడ్డగీత పెట్టింది.

"ఏం చేస్తున్నావే?"

"చూడు. నీకే చూపిస్తున్నా."

తొట్టి ముందు నిటారుగా నిలబడింది. అద్దంలో తన భుజం మీది గుర్తు ఎక్కడ కనిపిస్తోందో సరిగ్గా అక్కడ అద్దం మీద ఒక నల్లచుక్క పెట్టింది.

"అన్నయ్య గురి ఇదీ. తుపాకీ కదలదు. ఇప్పుడు నేను నువ్వు."

కుడికి ఒరిగి మోకాళ్లు వంచింది. అద్దంలో ఆమె బొమ్మ జారింది, చుక్క ఉన్నచోటే ఉంది. భుజానికి అవతల, చెవి పక్కన, ఖాళీ గోడ మీద.

"గుర్తునే చూసి కాల్చి ఉంటే తూటా నిన్ను దాటిపోవాలి," అంది. "నీకు తగలకూడదు. నీ పిరికితనానికి ఒక్క చుక్క రక్తం రాకుండా ఇంటికొచ్చేవాడివి."

మాస్టర్ పెదాలు తడుపుకున్నాడు.

ఆమె అలాగే వంగి ఉండి, అద్దంలో తన మెడ కింది ఎముకకి దిగువన, గాయం ఉన్నచోట, రెండో చుక్క పెట్టింది. "తూటా వచ్చింది ఇక్కడికి." మెల్లగా నిటారుగా లేచింది. అద్దంలో ఆమె బొమ్మ పైకి వచ్చింది, ఎడమకి జరిగింది. రెండో చుక్క ఆమె గుండె మీద కూర్చుంది.

మంచం కింది సీసాలో నీటి బుడగలు చప్పుడు చేస్తున్నాయి.

"కదలకపోతే పోయేవాడివి," అంది. "నువ్వు కదలవనే నమ్మకంతోనే కాల్చాడు. ఇన్నేళ్లుగా నువ్వు ఏం నేర్పావో వాడికి తెలుసు."

"వాడా? వాడు నాకు రక్తమిచ్చాడే."

"అందరి ముందూ ఇచ్చాడు." స్టూలు మీద కూర్చోలేదు. మంచం పట్టీ పట్టుకుని వంగింది. "ఇప్పుడు చెప్పు. ఏడాదిగా నాకు చెప్పనిది. యజమాని జరపమన్నాడు, సరే. సూటూబూటూ వేసుకున్నవాడు వంగి పరుపు లాగడు. లాగిందెవరు?"

మాస్టర్ కళ్లలోంచి నీళ్లు చెవుల్లోకి కారాయి. తుడుచుకోవడానికి అలవాటైన ఎడమ చెయ్యి లేవలేదు.

"గురి," అన్నాడు. "యజమాని అరిచాడు, వాడు దగ్గర్లో ఉన్నాడు, లాగేశాడు. మళ్ళీ పెట్టేస్తారనుకున్నాడట. తన చోటికి వెళ్లి నిలబడ్డాడు, సైగ రాగానే పేల్చాడు. ఆ చప్పుడుకే బంతి పడ్డాడు. వాడు కూడా భోరున ఏడ్చాడే ఆ రోజు. నా పేరు రాకూడదు బావా అని బతిమాలాడు. కోర్టులో నోరు తెరిస్తే ఇద్దరి పేర్లూ చెప్పాలి కదా అని నేను..."

"అని నీ నోరు మూతపడితే తప్ప బతకలేనివాడి చేతికి తుపాకీ ఇచ్చి, ఇదిగో ఇక్కడ కాల్చమని గుర్తు పెట్టించుకున్నావు."

ఆమెకి నవ్వొచ్చింది. ఏడాదిగా అన్నయ్యా అని పిలిచి టీ ఇచ్చిన చేతులు తనవి. బంతి సంవత్సరీకం నాడు ఫొటోకి దండ వేసింది గురే.

మంచం మీద మనిషిని చూసింది. ఈ మనిషి మీద ఇప్పుడు జాలి కూడా మిగల్లేదు. కానీ బంతి కింద పరుపు ఎలా మాయమైందో చెప్పగలిగిన నోరు ఈ భూమ్మీద ఇదొక్కటే. సాయంత్రం దాకా దీన్ని బతికించుకోవాలి.

"సాయంత్రం చెప్తావా?"

"నువ్వు నన్ను క్షమిస్తావా?"

"లేదు."

మాస్టర్ కాసేపు ఆ మాట అరిగించుకున్నాడు. "సరే," అన్నాడు. "చెప్తా. ఇంకేం మిగిలిందని భయపడాలి."

తలుపు తోసుకుని గురి లోపలికి వచ్చాడు. చేతిలో టీ ఫ్లాస్కు, చంకలో మడత పెట్టిన దుప్పటి.

"లేచావా బావా," అన్నాడు. "నా రక్తం ఎక్కాక నీకు పౌరుషం వస్తుందని కుర్రాళ్లు పందెం కాస్తున్నారు. డాక్టరమ్మ ఏమంది చెల్లెమ్మా?"

"బతుకుతాడంది."

నవ్వాడు. ఆ నవ్వు రావడానికి కొంచెం ఆలస్యమైంది. "నేను మొదట్నుంచీ చెప్తూనే ఉన్నాగా. భుజమే కదా. నువ్వు ఇంటికెళ్లి స్నానం చేసి, కాస్త నడుం వాల్చి రా. నిన్నట్నుంచి కూర్చునే ఉన్నావు. ఇక్కడ నేనుంటా."

"బయట కానిస్టేబుల్ ఉన్నాడుగా అన్నయ్యా."

"పాపం పొద్దుట్నుంచి ఏమీ తినలేదట. కిందికి పంపించా. మనవాళ్లని కూడా పంపేశా. అందరూ ఇక్కడే గుమిగూడితే రోగికి ఊపిరాడదు."

ఫ్లాస్కు తొట్టి గట్టు మీద పెట్టబోయి ఆగాడు. అద్దం మీద రెండు నల్లచుక్కలు. అతను వాటి ముందు నిలబడి ఉన్నాడు. రెండో చుక్క అతని చొక్కా జేబు మీద ఉంది. కాసేపు దాన్నే చూశాడు. తర్వాత అద్దంలోంచే అతని కళ్లు వెనక్కి వెళ్లి, అద్దాలక్క ఎడమ భుజం మీది సున్నా దగ్గర ఆగిపోయాయి.

"నేను అడ్డగీత ముందు గీస్తా చెల్లెమ్మా," అన్నాడు మెల్లగా. "నువ్వు నిలువుగీత ముందు గీశావు."

వెనక్కి తిరక్కుండానే కాలితో తలుపు నెట్టాడు. గొళ్లెం పడింది. దుప్పటి మడతలోకి అతని కుడిచెయ్యి వెళ్లింది.

అద్దాలక్క ఒక్క అడుగు పక్కకి వేసి, మంచానికీ అతనికీ మధ్య నిలబడింది. మోకాళ్లు గట్టిగా బిగించింది.

కదల్లేదు.